నిలువుగీతలో అల

"ఓ పొట్ట ఉబ్బింది" అని నేలమాళిగలోంచి ఆర్వో కేక వేశాడు.

మెట్ల పక్కన బట్టలుతికే మిషన్ గుడగుడలాడుతోంది. ఆ రొదలో వంటింట్లో ఉన్న హెల్మీకి చివరి రెండు మాటలే అందాయి. రాత్రి ఆయన రెండోసారి వడ్డించుకున్న బఠాణీ సూపు గుర్తొచ్చింది. గ్లాసుడు నీళ్లలో సోడా బిళ్ల వేసి, అది బుసబుస పొంగుతుండగానే మెట్లు దిగింది.

"ఇది తాగి కాసేపు ఎడంపక్కకు తిరిగి పడుకో."

"ఎవరు?"

"నువ్వే. పొట్ట ఉబ్బిందన్నావుగా."

"నాది కాదు, దీనిది" అంటూ ఆర్వో కంప్యూటర్ తెర మీది ‘ఓ’ అక్షరాన్ని చూపించాడు. నిజంగానే విందు భోజనం చేసొచ్చినదానిలా ఉంది.

"అయితే దీనికే తాగించు" అని గ్లాసు బల్ల మీద పెట్టి హెల్మీ పైకి వెళ్లిపోయింది.

కెనడాలోని థండర్ బే రేవులో గోధుమలు నింపే గోదాముల్లో పనిచేసి రిటైరైన ఆర్వో లేహ్తినెన్‌కు ఇప్పుడు అక్షరాలే లోకం. రాయడం కాదు, గీయడం. తనలాంటి ఔత్సాహికులు, అంటే పళ్ల డాక్టర్లు, లారీ డ్రైవర్లు, మనవలున్న అమ్మమ్మలు, తాము తయారుచేసిన ఫాంట్లను ఉచితంగా పెట్టే వెబ్‌సైట్ ఒకటుంది. అక్కడ ఈసారి అందరూ కలిసి పెట్టుకున్న పందెం, ఒక్క నిలువుగీత కూడా లేకుండా అక్షరాలన్నీ వంపులతోనే గీయాలని. మన తెలుగు అక్షరాలకు పుట్టుకతో వచ్చిన గుండ్రాన్ని, పాపం, ఆ కర్రల్లాంటి ఇంగ్లీషు అక్షరాలకు కూర్చోబెట్టి నేర్పించాలన్నమాట.

ఆ ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. ఏ ఫాంటైనా బయటికి వెళ్లేముందు ఆర్వో ఆ అక్షరాలను పెద్దగా ప్రింట్ తీసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తాడు. పొయ్యి దగ్గర నిలబడి హెల్మీ తీర్పు చెబుతుంది. ఆమెకు కంప్యూటర్ తెరవడం రాదు గానీ "ఆ ‘ఎస్’ తలకిందులుగా నిలబడినట్టుంది", "ఆ ‘ఆర్’ కాలు బెణికింది" అని ఇట్టే చెప్పేస్తుంది. ప్రతిసారీ తప్పు అక్కడే దొరుకుతుంది. వంకరలు తీయడం భర్త పని, వంకలు పెట్టడం భార్య పని, అలా ఆ కాపురం ఏ వంకా లేకుండా సాగిపోతోంది.

సాగిపోతోంది అనకూడదు, సాగింది అనాలి. ఈ వసంతం నుంచీ హెల్మీ తీర్పులు తేడాగా వస్తున్నాయి. ఒక ‘ఎల్’ను చూసి మోకాలి దగ్గర వంగిందంది. ఆర్వో సరిచేద్దామని దాన్ని రెండోవైపు వంచాడు. ఇంకా వంగిందంది. ఇంకాస్త వంచాడు. చివరికి అది బార్‌లోంచి ఇంటికి దారి వెతుక్కునే మనిషిలా తయారైంది. "ఈవిడ నన్ను ఆట పట్టిస్తోంది" అన్న అనుమానం ఆర్వో మనసులో చేరింది. చేరిన అనుమానం ఊరికే ఉంటుందా, వేళ్లు దింపింది.

ఆ శనివారం ఉదయం వంటింట్లో నలుగురున్నారు. కూతురు కైసా యాలకుల రొట్టె కోస్తోంది. ఫాంట్ల పనిలో ఆర్వో జతగాడు, పూర్వం సిటీ బస్సు నడిపిన లయనెల్, కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఫ్రిజ్ మీద కొత్త కాగితం ఉంది. ఎడమ వరసలో స్కేలు పెట్టి గీసినట్టుండే మామూలు అక్షరాలు, కుడి వరసలో వాటికి ఆర్వో నేర్పిన వంపులు. పోల్చి చూసుకోవడానికి అలా పెడతారు.

హెల్మీ గరిటె పట్టుకునే తలెత్తి చూసింది.

"ఆ ‘హెచ్’ బావుంది ఆర్వో. చెరువు నీళ్లు కదిలినట్టు ఎంత చక్కగా అల తీశావు."

ఆర్వో మొహం వెలిగింది. "ఏదీ, చూపించు."

హెల్మీ వచ్చి వేలు పెట్టింది. ఎడమ వరసలో. మామూలు ‘హెచ్’ కుడికాలు మీద, పైభాగాన. ఆర్వో పెన్సిల్‌తో అక్కడ చిన్న చుక్క పెట్టాడు. అలా గుర్తు పెట్టుకోవడం అతని అలవాటు. చుక్క పెట్టాకగానీ అది ఏ వరసో అతనికి తట్టలేదు. మొహంలో దీపం ఆరిపోయింది.

"అది నేను గీసింది కాదు. మామూలు అక్షరం."

"మరి అల ఉందిగా."

"లేదు. ఇక చాలు హెల్మీ. నా బొమ్మలు నీకు నచ్చకపోతే నచ్చలేదను. లయనెల్ ముందు ఈ వెక్కిరింతలెందుకు?"

"ఎవరు వెక్కిరించారు? మెచ్చుకున్నాను."

"నా వంపుల్ని వదిలేసి నిలువుగీతను మెచ్చుకుంటే దాన్ని ఏమంటారు? ఆ ‘ఎల్’ విషయంలోనూ ఇంతే. నువ్వన్నావని దాన్ని పిండిముద్దలా నలిపాను. వెబ్‌సైట్‌లో పెడితే జనం, ఏమయ్యా, మత్తులో గీశావా అని అడిగారు."

"అయితే ఇక నన్ను అడక్కు. నీ కాగితాలు నీ మొహానికే అంటించుకో, ఫ్రిజ్‌కెందుకు" అంది హెల్మీ. గరిటె సింక్‌లో పడేసి, తలుపు పక్క మేకుకున్న తాళాలు అందుకుంది. ఫిన్లండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు కలుసుకునే ఫిన్నిష్ హాలు నుంచి ముసలమ్మల్ని వ్యాన్‌లో ఈతకొలనుకు తీసుకెళ్లేది ఆమే. శనివారం వ్యాన్ లేకపోయినా సొంత కారు ఉంది. "మా మనవరాలు ఇల్లాను తెచ్చుకుంటాను. ఇక్కడ నా మాటకు విలువ లేదు."

ఆర్వో ఊరుకోలేదు. ఫ్రిజ్ మీది కాగితం పీకి, తలకిందులు చేసి మళ్లీ అంటించాడు. ఈ ఫాంట్లవాళ్లందరూ చేసే పనే అది. తిరగేస్తే అక్షరం మాయమై ఉత్త ఆకారం మిగులుతుంది, తప్పుంటే దాక్కోలేదు.

"వెళ్దువుగాని. ముందు చూపించు. అల ఎక్కడ?"

హెల్మీ విసురుగా వచ్చి వేలు పెట్టింది. "ఇదిగో. కుడికాలు, పైన."

ఆర్వో పెట్టిన పెన్సిల్ చుక్క, కాగితంతో పాటే తిరిగి, ఇప్పుడు అదే ‘హెచ్’ ఎడమకాలు కింద ఉంది.

"అల నిజంగా కాగితంలో ఉంటే కాగితంతో పాటు తిరగాలిగా" అన్నాడు లయనెల్ మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు. "చుక్క తిరిగింది. అల తిరగలేదు."

"చుక్క దగ్గర చూడమ్మా" అంది కైసా.

హెల్మీ చూసింది. "అక్కడా ఉంది" అంది. గొంతులో విసురు లేదు.

లయనెల్ కప్పు బల్ల మీద పెట్టాడు. "హెల్మీ, ఏమీ అనుకోకండి. ఆ తలుపు చట్రం చూసి చెప్పండి. తిన్నగా ఉందా?"

హెల్మీ తలుపువైపు చూడలేదు. ఆ చూడకపోవడమే అందరికీ జవాబు. ఆర్వో ఆమె ముందుకొచ్చి, తన అరచేత్తో ఆమె కుడికన్ను మూశాడు.

"ఇప్పుడు?"

"తిన్నగానే ఉంది" అంది హెల్మీ. ఎడమకన్ను మూశాడు. "ఇప్పుడు కాదు."

"ఎప్పటినుంచి?" కైసా లేచింది.

"సరస్సు మీద మంచు కరిగినప్పటి నుంచి."

"మంచు కరిగి ఎన్నాళ్లైందో తెలుసా అమ్మా? అన్నాళ్లూ కారు నడిపావు. ఇల్లాను ఎక్కించుకుని నడిపావు. నా కూతుర్ని."

"రెండో కన్ను బాగానే ఉంది. మెల్లగా నడిపాను. ఎవరికీ గీత పడలేదు."

"పడే దాకా చూద్దామనుకున్నావా? నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే ఏం చేసేదానివి?" హెల్మీ గొంతు లేచింది. "తాళాలు లాక్కునేదానివి. మా అమ్మకు అదే చేశాం. నేనే చేశాను. ఆమెకూ ఇలాగే తలుపులు వంగాయి, గడపలు వంగాయి. తాళాలు తీసుకుని కిటికీ దగ్గర కుర్చీ వేశాను. ఆ తర్వాత ఏ కోటు వేసుకోవాలో కూడా ఆవిణ్ని ఎవరూ అడగలేదు. నేను ఆ కుర్చీలో కూర్చోను కైసా. చంపినా కూర్చోను."

కైసా తలుపుకు అడ్డంగా నిలబడింది. హెల్మీ పిడికిట్లో తాళాలు. తల్లీకూతుళ్లిద్దరి మొండితనం ఒకే అచ్చులో పోసింది కాబట్టి ఎవరూ కదల్లేదు. కైసా కళ్లు మాత్రం నిండిపోయాయి.

"అమ్మమ్మకు అప్పట్లో మందు లేదమ్మా. ఇప్పుడుందేమో. ఆలస్యం చేస్తే మాత్రం నిజంగా కుర్చీయే. నీ తాళాలు నాకొద్దు. నీ కన్ను కావాలి."

ఆర్వో ఇంకా ఆ కాగితం దగ్గరే ఉన్నాడు. "నేనెంత గుడ్డివాణ్ని" అన్నాడు. "నీ తీర్పులో తేడా కనబడగానే నీకేమైందని అడగాలి కదా. నన్నెందుకు వెక్కిరిస్తున్నావని మూతి ముడుచుకు కూర్చున్నాను. నువ్వు చూసిందే చెప్పావు. ఒక్కరోజు కూడా అబద్ధం చెప్పలేదు నాకు."

"ఒకటి చెప్పాను. బాగానే ఉన్నానని."

"హెల్మీ, నా అక్షరాలు వంగితే పర్వాలేదు, అవి వంగడానికే పుట్టాయి. నీకు మాత్రం తలుపు తలుపులాగే కనిపించాలి."

హెల్మీ కొంగు లేని దేశంలో పుట్టింది కాబట్టి గిన్నెలు తుడిచే గుడ్డతో కళ్లొత్తుకుంది. తర్వాత తాళాలు తానే తీసి ఆర్వో చేతిలో పెట్టింది. ఎవరూ లాక్కోలేదు.

"పద. నువ్వెప్పుడూ నడిపినట్టు కాదు, కొంచెం వేగంగా. ఆస్పత్రికి చేరేలోపు రెండో కన్ను కూడా ముసలిదైపోతుంది."

కంటి లోపల, వెనక పొర కింద, నీరు ఊరుతోందన్నారు అక్కడ. సూది వేయాలన్నారు, కంట్లోనే, నెల నెలా. చాలాకాలంగా ఆర్వో ఫాంట్లకు వచ్చే మెప్పు చూసి లయనెల్‌కు కన్ను కుట్టేది. చివరికి నిజంగా కుట్టించుకున్నది హెల్మీ. పూర్తిగా తిన్నబడుతుందని డాక్టరమ్మ మాటివ్వలేదు. ఇప్పుడు రావడం మంచిదైంది, ఇంకొన్నాళ్లు ఆగితే చేయగలిగింది తక్కువ, తాను చెప్పేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దు అంది. హెల్మీ సరేనంది. ఆ రెండక్షరాల మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో పక్కన కూర్చున్న ఆర్వో చేతివేళ్లకు తెలుసు, వాటిని అంత గట్టిగా నొక్కింది.

మంగళవారం వ్యాన్ ఆర్వో తీశాడు. హెల్మీ నల్లద్దాలు పెట్టుకుని పక్క సీట్లో కూర్చుంది, దారి చెప్పడానికి. అతను ఆ ఊళ్లోనే పుట్టినా ఆమె దారి చెప్పక మానలేదు.

ఫిన్నిష్ హాలు ముందు ముసలమ్మలు ఈత సంచులతో పాటు మూతపెట్టిన గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. ఒకావిడ క్యారెట్ కూర, ఒకావిడ చేపల పులుసు. అందరికంటే పెద్దావిడ సైమి, ఆర్వో చెయ్యి పట్టుకుని "ధైర్యంగా ఉండు నాయనా" అంది. అంతలో పక్క సీట్లో హెల్మీని చూసి గిన్నె జారవిడవబోయింది.

"నువ్వు ఇల్లొదిలి వెళ్లిపోలేదా?"

"నేనా? ఎక్కడికి?"

"లయనెల్ చెప్పాడుగా. అక్షరాల గురించి గొడవైందనీ, నువ్వు తాళాలు ఆర్వోకు ఇచ్చేశావనీ. ఇంటి తాళాలనుకున్నాం. పాపం, ఈయనకు వంట రాదు కదాని."

"ఎవరితో వెళ్లిందా అని కూడా అనుకున్నాం" అంది వెనకనుంచి చేపల పులుసు.

గిన్నెలతో సహా అందరూ ఎక్కారు. వ్యాన్ అంతా నవ్వింది. హెల్మీ కూడా నవ్వింది. కాసేపటికి ఆపి, సీట్లో వెనక్కి తిరిగి, నల్లద్దాలు తీసేసింది. ఎర్రబడ్డ కన్ను అందరికీ కనిపించింది.

"ఇచ్చింది ఇంటి తాళాలు కాదు, కారు తాళాలు. గొడవైన మాట నిజమే. ఆర్వో తిన్నగా గీసింది నాకు వంకరగా కనబడింది. ఇతను వెక్కిరిస్తున్నాననుకున్నాడు, నేను నా మాట నమ్మడం లేదనుకున్నాను. తప్పు కాగితానిది కాదు. నా కుడికన్ను చెడింది. వసంతం నుంచీ తెలుసు నాకు. మీ అందర్నీ ఎక్కించుకుని ఆ కంటితోనే నడిపాను. చెప్పలేదు. సిగ్గేసింది. కిటికీ దగ్గర కూర్చోబెడతారని భయమేసింది. నిన్న సూది వేశారు. అనుకున్నంత నొప్పి లేదు. అదీ సంగతి. ఇక గిన్నెలు ఎవరివి వాళ్లు తీసుకెళ్లండి. లేదా పులుసు మాత్రం ఉంచండి."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఒకరు తిట్టారు, ఒకరు ముద్దు పెట్టారు, చేపల పులుసు ముందు సీటుకు చేరింది. సైమి మాత్రం ఒళ్లో గిన్నె మూతను వేలితో రుద్దుతూ కూర్చుంది. ఆర్వో వ్యాన్ కదిలించాక, ఎవరికీ వినపడకూడదన్నట్టు ముందుకు వంగింది.

"హెల్మీ, ఆ వంకర... కిటికీ ఊచలు నీళ్లలో ఉన్నట్టు కదులుతాయా?"

హెల్మీ వెనక్కి చూసింది. "ఎప్పటినుంచి, సైమి గారూ?"

"నువ్వు ముందు చెప్పావు కాబట్టి చెబుతున్నా. మా అబ్బాయికి తెలియనివ్వకు."

"మీ అబ్బాయికి మీరే చెబుతారు. నేను పక్కన ఉంటాను" అంటూ హెల్మీ చెయ్యి వెనక్కి చాచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "కిటికీ దగ్గర మిమ్మల్ని ఎవరూ కూర్చోబెట్టరు. నా పక్కన కూర్చుంటారు." తర్వాత భర్త వైపు తిరిగింది. "ఆర్వో, ఈత రేపు చూసుకోవచ్చు. బండి ఆస్పత్రికి తిప్పు."