పటిక పట్టిన బేరియం

"వంకాయల్లో ఉప్పు తక్కువైంది."

"తక్కువేం కాదు. మీ నాలుకే మొద్దుబారింది."

సంకేతం సరిపోయింది. కూరగాయల వ్యాపారి వేషంలో వచ్చిన మురోబుషి బుట్ట కింద పెట్టాడు. కురె రేవులో ఓడల కర్మాగారం క్యాంటీన్ అది. వంకాయలు ఊరవేసే పీపా దగ్గర ఏప్రన్ కట్టుకుని నిలబడ్డ మిసావొ అక్కడందరికీ 'పిన్నిగారు'. ఆమె సీక్రెట్ ఏజెంట్ అని తెలిసింది ఆమె బాస్ మురోబుషి ఒక్కడికే.

"విదేశీ ముఠా ఇవాళ ఇంజనీర్ ఉత్సుగిని లేపేస్తుంది," అన్నాడతను గొంతు తగ్గించి. "జలాంతర్గాముల్ని పసిగట్టే సోనార్ డిజైన్ అంతా అతని బుర్రలోనే ఉంది. ఇవాళ కార్మికులకి కడుపు ఎక్స్‌రేలు తీసే బస్సు వచ్చింది కదా, అందులో బేరియం తాగిస్తారు చూడు, అక్కడే."

"అయితే బస్సు ఆపేద్దాం."

"వద్దు. అందులో ఉన్న డాక్టర్ రేకా మన డబుల్ ఏజెంట్. ఆమే చూసుకుంటుంది. ఇదిగో, పెన్నులో కెమెరా. ఫోటోలు తీయి, చేతులు పెట్టకు."

"ఆవిడ చూసుకోకపోతే?"

మురోబుషి భుజాలెగరేశాడు. "ఒక్క ఇంజనీరు పోతాడు. ముఠా మొత్తం మన చేతికి చిక్కుతుంది."

మిసావొకి ఒళ్ళు మండింది. ఎంత తేలిగ్గా అనేశాడు! తన చేతి వంట తినే మనిషిని చావుకు వదిలేసి ఫోటోలు తీయాలా? పెన్ను తీసుకెళ్ళి వంకాయల పీపాలో పడేసింది.

"ఏయ్! అది ఎంత ఖరీదో తెలుసా?"

"ఊరనివ్వండి," అని వేణ్ణీళ్ళ కెటిల్ పట్టుకుని బయటికి నడిచింది. పోతూ పోతూ వెనిగర్ సీసా ఏప్రన్ జేబులో వేసుకుంది.

బస్సులో ఉత్సుగిదే మొదటి వంతు. తెల్లకోటు మీద ముత్యాల దండ వేసుకున్న రేకా నవ్వితే మగాళ్ళంతా పొట్టలు లోపలికి లాక్కున్నారు. ఆ నవ్వు చాటున ఆమె చేతిసంచిలోంచి చిన్న డబ్బా తీసి, బేరియం గ్లాసులో ఒక చెంచా తెల్లపొడి కలిపింది. కొంచెం ట్రే మీద రాలింది.

కెటిల్ దించే వంకతో మిసావొ దాని మీద వెనిగర్ చుక్క వేసింది. బుసబుసా పొంగింది.

కార్బొనేట్! అసలు మందు బేరియం సల్ఫేట్, అది ఏ ఆమ్లానికీ కరగదు. ఇది మాత్రం కడుపులోని ఆమ్లంలో కరిగి, బేరియం క్లోరైడనే విషమై రక్తంలోకి పోతుంది. గ్యాస్ పుట్టినా ఎవరికీ అనుమానం రాదు, పరీక్షకి ముందు కడుపు ఉబ్బాలని పొంగే పొడి ఎలాగూ మింగిస్తారు. ఎంత తెలివి!

ఆమె తలెత్తేసరికి ఉత్సుగి గ్లాసు ఖాళీ చేసేశాడు.

మిసావొ వంటింట్లోకి పరుగెత్తింది. కరిగిన బేరియాన్ని పట్టి కూర్చోబెట్టేది సల్ఫేటే. వంకాయల రంగు పోకుండా వేసే పటికలో అది ఉంది. డబ్బా తెరిస్తే అడుగున ఒక్క చెంచాడు. చాలుతుందా? ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో గబగబా రాసింది. పటికలో సల్ఫేట్లు రెండు, ఇటు బేరియం ఒకటే. తూగలేదు. బేరియం ముందు రెండు వేసింది.

2BaCl₂ + KAl(SO₄)₂ → 2BaSO₄↓ + KCl + AlCl₃

అటు క్లోరిన్లు నాలుగు, ఇటు ఒకటీ మూడూ నాలుగు. ఒక్క పటిక రెండు బేరియాలను పడుతుంది. చాలు!

పటిక డబ్బాలోనే నీళ్ళు పోసి కలుపుతూ తిరిగొచ్చేసరికి బస్సు తలుపులో రేకా. చేతిలో బుల్లి పిస్టల్. వెనకాల ఉత్సుగి పొట్ట పట్టుకుని మూలుగుతున్నాడు.

"నువ్వు మా బాస్ మనిషివి కదే!" అంది మిసావొ.

"అలా అనుకుంటున్నాడు, పిచ్చిమాలోకం. ఏంటది, పటికా? ఆ చిటికెడు దేనికి పిన్నీ? వాడు తాగినదాంట్లో సగానికి కూడా చాలదు."

"సమీకరణం తుల్యం చేశావా డాక్టరమ్మా? బేరియం ముందు రెండు వేయాలి."

రేకా కనుబొమలు ముడిపడ్డాయి. ఎంతైనా చదువుకున్న మనిషి, లెక్క తప్పిందంటే ఓర్చుకోలేదు. మనసులో తూకం వేస్తూ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలోనే వెనిగర్ సీసా ఆమె కళ్ళలో ఖాళీ అయింది. పిస్టల్ మెట్ల మీద పడింది. మిసావొ ఆమెను ఒక్క తోపు తోసి లోపలికి దూకింది.

"తాగండి ఉత్సుగి గారూ!"

"ఛీ, వగరు!"

"వగరైనా సరే, బతకాలనుంటే తాగాల్సిందే!"

అతను గటగటా తాగేశాడు. విషమంతా కడుపులోనే తెల్లటి అవక్షేపమై అడుక్కి కూర్చుంది. బేరియం సల్ఫేట్! పొద్దున అతను తాగాల్సిన అసలు మందు అదే. రేకా చేతులు ఏప్రన్ తాళ్ళతో కట్టాక అంబులెన్స్ వచ్చింది.

సాయంత్రం ఆస్పత్రి గది గుమ్మంలో మురోబుషి మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. "నా ఆర్డర్ ధిక్కరించావు. ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?"

"ఊడనీయండి."

మంచం మీంచి ఉత్సుగి నీరసంగా చెయ్యెత్తాడు. "పిన్నిగారూ, ఎక్స్‌రే తీసేదాకా త్రేన్చొద్దన్నారు ఆ డాక్టరమ్మ. పొద్దుట్నుంచీ బిగబట్టుకుని ఉన్నా. ఇప్పుడు పర్వాలేదా?"

మిసావొ తలుపు బార్లా తెరిచింది.

"త్రేన్చండి బాబూ, గట్టిగా త్రేన్చండి. గుమ్మంలో ఉన్నాయనక్కూడా వినపడాలి."