రోలరు మలుపూ, గవర్రాజు జర్మనీ కారూ

1979వ సంవత్సరం, మార్గశిర మాసం. చలి అప్పుడే ముదురుతోంది. మల్కాపురం వెనకనుంచి కొండెక్కి అవతలి పల్లెలకు పోయే క్వారీ దారిలో రోలరు మలుపని ఒక చోటుండేది. చీకటి పడ్డాక దాని పేరు ఎవరూ పైకి అనేవారు కాదు. "ఆ చోటు" అనేవారు. అంతటితో అర్థమైపోయేది.

హార్బరుకి రాళ్లు తోలిన రోజుల్లో వేసిన దారి అది. వేస్తుండగా అర్జునరావనే రోలరు డ్రైవరు, ఆ దిగువులో బండి అదుపు తప్పి, బండితోపాటే లోయలోకి పోయాడు. మనిషి దొరకడానికి రెండు రోజులు పట్టింది. దొరికినప్పుడు ఇంజను ఆపే పిడి అతని గుప్పిట్లోనే ఉందట. పీకాడు… తీగ తెగింది… ఇంజను ఆగలేదు.

అప్పట్నుంచీ అక్కడ కాలు తీసేసినా ఇంజన్లు అరుస్తాయని చెప్పుకునేవారు. ఒక జీపు అరిచింది. ఒక లారీ అరిచి అరిచి, గోడకి గుద్దుకుని ఆగింది.

మలుపు మొదట్లో నడుమెత్తు రాయి ఒకటుంది. కొండ దిగే ప్రతి డ్రైవరూ అక్కడ బండాపి, సీసా మూతతో ఒక మూతెడు డీజిలు ఆ రాయి మీద పోసేవాడు. అర్జునరావు ఇంజను ఇంకా తిరుగుతూనే ఉందట. దానికి తాగడానికి పొయ్యకపోతే, వాడు మన ఇంజనెక్కుతాడట. పోసి పోసి ఆ రాయి నల్లగా, నిగనిగలాడుతూ ఉండేది. వానకి కూడా తడిసేది కాదు.

పొయ్యనివాడు ఒక్కడే — గవర్రాజు.

గవర్రాజు పోర్టులో, ఓడల్ని లాగే టగ్గుబోటు ఇంజను గదిలో ముప్పయ్యేళ్లు చేసి దిగిపోయాడు. దిగిపోయిన ఏడాదే, మూతపడిన ఒక ఓడల కంపెనీవాళ్లు తమ మేనేజరు కారుని వేలం వేశారు. నల్లటి జర్మనీ కారు. డీజిలుది. పద్దెనిమిదేళ్ల పాతది. ఆ కారు పోర్టు గేటు దాటి లోపలికి వస్తుంటే ఎన్నోసార్లు పక్కకి తప్పుకుని సలాం కొట్టినవాడే గవర్రాజు. వేలంలో చెయ్యెత్తినవాడు కూడా అతనొక్కడే. అంత పాత బండికి సామాన్లెక్కడ దొరుకుతాయని మిగతావాళ్లు నవ్వి ఊరుకున్నారు.

నిజమే, దొరకవు. బొంబాయికి రాస్తే జవాబు రాదు. ఫ్యాను బెల్టు పిండి మిల్లులో దొరికింది. సైలెన్సరు కంచరపాలెంలో అతికించాడు. తోలు, రబ్బరు పనులుంటే పాత ఊరు పోయి, మొహియుద్దీను కొట్టుముందు కూర్చునేవాడు. పొద్దున్నే బండి తియ్యాలంటే ఇంజను లోపలి హీటర్లు ఎర్రబడేదాకా లెక్కపెట్టాలి — ఎండాకాలం ఇరవై, చలికాలం యాభై. ఉప్పుగాలికి రేకు తినేస్తుందని వారానికి మూడుసార్లు మంచినీళ్లతో కడిగేవాడు.

"దానికి మూడు మార్లు నీళ్లు పోస్తావు. నాకొక్క మారు బిందెత్తవు," అనేది అతని భార్య పోతమ్మ.

"నువ్వు తుప్పట్టవు కదే," అనేవాడు.

ఆ కారుకి పెళ్లిళ్లలో మంచి గిరాకీ. పెళ్లికొడుకుని అందులో కూర్చోబెడితే ఊరంతా బయటికొచ్చేది. కాని గవర్రాజు రాయి మీద డీజిలు పొయ్యడని తెలిశాక కొండవతల పల్లెలవాళ్లు పిలవడం మానేశారు. తర్వాత గాజువాక స్టాండులో డ్రైవర్లు కూడా అతని బండిని వరసలో పెట్టనివ్వలేదు. ఒకడి మూలాన ఆ చోటు అందరి మీదా పగబడుతుందని వాళ్ల భయం.

స్టాండుకి పెద్ద గురునాథరావు. క్వారీ లారీ డ్రైవరు. గవర్రాజుకి వరసకి బావమరిది.

"బావా, నీకు నమ్మకం నేకపోతే నేదు. మా కోసం పొయ్యి. ఓ మూతెడు పోస్తే నీకేటి పోద్ది?"

"ముప్పయ్యేళ్లు ఇంజన్లకి నూని పోసినోణ్ని. ఇంజను ఏటి తాగుద్దో నాకు తెలుసు. రాయి ఏటీ తాగదు."

"రాయి కాదు. అర్జునరావు."

"అర్జునరావు బతికున్నన్నాళ్లూ సారా తాగీవోడు. డీజిలు ఎప్పుడు మరిగేడ్రా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గురునాథరావు నవ్వలేదు.

"సరే. అమాస ఎల్లుండి. సీకటి పడ్డాక కొండ మీద్నించి దింపు. సుక్క పొయ్యకుండా దింపు. నాను పక్కన కూకుంటాను. దిగితే, స్టాండులో ముందు వరస నీది. దిగకపోతే బండి తుక్కుకి అమ్మీయ్యాల."

అందరూ గవర్రాజు వైపు తిరిగారు.

"దిగుద్ది," అన్నాడు గవర్రాజు.

అమావాస్యనాడు, దీపాలు పెట్టే వేళ దాటాక, ఇద్దరూ కొండమీద బండెక్కారు. గవర్రాజు యాభై లెక్కపెట్టాడు. ఇంజను దగ్గి, పొగ వదిలి, నిమ్మళంగా అందుకుంది. గురునాథరావు ఒళ్లో ఒక సీసా పెట్టుకున్నాడు.

"అదేటి?"

"ఏటీ నేదు. మందు."

"మందు వాసన నాకు తెలీదేట్రా. డీజిలది."

గురునాథరావు సీసాని తువ్వాలుతో కప్పుకున్నాడు.

కింద, చాలా కింద, హార్బరు దీపాలు. వాటవతల సముద్రంలో లంగరేసిన ఓడల దీపాలు. దారి మీద మాత్రం ఏమీ లేదు. లైట్లు పడ్డంత మేర ఎర్ర కంకర… ఆ తర్వాత నలుపు.

రాయి వచ్చింది.

"ఆపు బావా," అన్నాడు గురునాథరావు గుసగుసగా. "నాను దిగి పోత్తాను. నువ్వు పోసినట్టు కాదు. ఎవులికీ సెప్పను."

గవర్రాజు ఆపలేదు. రాయి పక్కనుంచి పోతూ ఉంటే లైటు వెలుగు దాని మీద పడింది. తడిగా, ఎవరో ఇప్పుడే తుడిచినట్టు మెరిసింది. తర్వాత చీకట్లోకి వెళ్లిపోయింది.

దిగువు మొదలైంది. మూడో గేరు. గవర్రాజు యాక్సిలేటరు మీంచి కాలు పూర్తిగా తీసేశాడు. బండి తన బరువుతోనే జారుతోంది. ఇంజను గొంతు తగ్గింది… ఇంకా తగ్గింది…

టప్‌మని ఎక్కడో చిన్న చప్పుడు.

అంతే. ఇంజను అరిచింది.

మామూలు అరుపు కాదు. గొంతు చించుకునే అరుపు. బండి ముందుకి దూకింది. గవర్రాజు కాళ్లవైపు చూసుకున్నాడు. కాలు యాక్సిలేటరు మీద లేదు. అయినా ఎవరో అడుగంటా తొక్కినట్టే…

"బావా… ఆడొచ్చీసేడు."

క్లచ్చి నొక్కాడు, బ్రేకు మీద నిలబడ్డాడు. రబ్బరు కాలిన వాసన. బండి మలుపు నడుమ, లోయకి రెండు బారల దూరంలో ఆగింది. గేరు తప్పించి, హ్యాండు బ్రేకు లాగాడు. బండి ఆగింది గాని, ఇంజను ఆగలేదు. బానెట్టు వణుకుతోంది, అద్దాలు గలగలమంటున్నాయి.

తాళం తిప్పాడు. లైట్లు ఆరిపోయాయి. ఇంజను ఆరలేదు.

తాళం బయటికి లాగేశాడు. చీకట్లో అది అతని చేతిలో ఉంది. గురునాథరావు దాన్ని తడిమి చూశాడు. తాళం బయట… ఇంజను లోపల, ఇంకా పెరుగుతూ…

డీజిలు బండి తాళంతో ఆగదని గవర్రాజుకి తెలుసు. దానికి వేరే పిడి ఉంటుంది. తడిమి పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

పిడి ఊడి చేతిలోకి వచ్చింది.

అప్పుడు, జీవితంలో మొదటిసారి, గవర్రాజుకి భయమేసింది. గుప్పిట్లో పిడి. తెగిన తీగ. ఆగని ఇంజను. ఇదే మలుపు.

గురునాథరావు తలుపు తీసుకుని, సీసా పట్టుకుని రాయివైపు పరుగు తీయబోయాడు. గవర్రాజు అతని చొక్కా పట్టి లాగాడు.

"సీసా ఒగ్గీ. తువ్వాలియ్యి."

"సచ్చిపోతాం బావా… ఒక్క సుక్క…"

"తువ్వాలియ్యరా. ఆడు ఇంజనెక్కితే ఎక్కనీ. గాలి పీల్సకుండా ఏ ఇంజనూ బతకదు."

బానెట్టెత్తాడు. వేడి గాలి ముఖాన కొట్టింది. కళ్లకేమీ కనబడదు. కాని ఆ ఇంజను ప్రతి బోల్టూ అతని చేతులకి తెలుసు. గాలి డబ్బా మూత తిప్పి పక్కకి విసిరాడు. లోపల్నించి పీల్పు — ఎవరో ఊపిరి లాగుతున్నట్టు. తువ్వాలు ఉండచుట్టి ఆ నోట్లో కూరాడు. అది గుంజుకుంది. ఇంకా కూరాడు. ఇంజను గొంతు పట్టుకుపోయింది, ఎగిరెగిరి పడింది, బండంతా ఊగింది. ఆ ఊపుకి ఎడమ చెయ్యి జారింది…

తాళం ఎక్కడో పడిపోయిన చప్పుడు.

ఇంజను రెండు దగ్గులు దగ్గి, ఆగిపోయింది.

కొండంతా నిశ్శబ్దం. చెవుల్లో గుయ్యిమనే రొద తప్ప ఏమీ లేదు. గవర్రాజు ఎడమ చెయ్యి చంకలో ఇరికించుకుని నిలబడ్డాడు. చొక్కా వెచ్చగా తడుస్తోంది.

"ఏటయ్యింది బావా?"

"ఏటీ అవ్వనేదు. నీ పంచె కొంగు సింపి ఇయ్యి. బండెక్కు."

"తాళం?"

"దిగువుకి తాళమెందుకు?"

హ్యాండు బ్రేకు దింపాడు. ఇంజను లేదు, లైట్లు లేవు. నల్లకారు చప్పుడు లేకుండా జారడం మొదలెట్టింది. కింద హార్బరు దీపాల ఎరుపుకి దారి అంచు కొంచెం కనబడుతోంది, అంతే. గవర్రాజు ఒంటి చేత్తో చక్రం తిప్పుతున్నాడు. టైర్ల కింద కంకర నలిగే చప్పుడు…

దాని వెనక ఇంకో చప్పుడు.

దడ్… దడ్… దడ్…

నెమ్మదిగా. బరువుగా. రాయిని నేలకి అదుముకుంటూ వస్తున్నట్టు.

గురునాథరావు కళ్లు మూసుకుని, చీకట్లో గవర్రాజు మోకాలు పట్టుకున్నాడు. "ఇంటన్నావా?"

గవర్రాజు విన్నాడు. అద్దంలోకి చూశాడు. నలుపు. తెరిచున్న కిటికీలోంచి తల కొంచెం బయటికి పెట్టాడు.

"వస్తే రా," అన్నాడు వెనక్కి, మామూలు గొంతుతో. "నానూ కిందకే ఎల్తన్నాను."

మల్కాపురం మొదటి దీపస్తంభం కింద కారు తనంతట తనే ఆగింది. అక్కడ టీ తాగుతున్న స్టాండువాళ్లు లేచి నిలబడ్డారు. గవర్రాజు దిగలేదు. దిగే ఓపిక లేదు. గురునాథరావు దిగి, ఖాళీ కాని సీసా చూపించి, "దిగింది," అన్నాడు. ఆ ఒక్కమాట చెప్పి, రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. గవర్రాజుని పెద్దాసుపత్రికి లారీలో తీసుకుపోయారు.

పది రోజులకి, చేతికి కట్టుతోనే, గవర్రాజు ఇంజనుకి డీజిలు అందించే పంపు విప్పించాడు. పంపు వెనకాల అరచేతంత తోలు బిళ్ల ఒకటుంటుంది. కాలు తీసినప్పుడు గాలి ఆ తోలుని లాగుతుంది, తోలు డీజిలుని తగ్గిస్తుంది. ఆ తోలు నడిమికి చిరిగి ఉంది. అది చిరిగితే లాగేదుండదు. డీజిలు ఆగకుండా పోతుంది. దెయ్యం అక్కర్లేదు.

ఆ తోలు వానాకాలంలో మొహియుద్దీను కోసి ఇచ్చింది. అతన్ని పిలిపించారు. డోళ్లకీ డప్పులకీ తోలు బిగించే కుటుంబం వాళ్లది. ముక్క చేతిలోకి తీసుకుని, గోరుతో తట్టి చూసి, మొహియుద్దీను తల దించుకున్నాడు.

"మంచి తోలియ్యమన్నావు గవర్రాజు భాయ్. నా కొట్లో మంచిదంటే డోలు తోలే. దేనికని నువ్వు సెప్పనేదు, నాను అడగనేదు."

అక్కడ కావలసింది నూనెలో నానిన మెత్తటి తోలు. డోలు తోలు వానల్లో చెమ్మకి మెత్తగా ఉండి పనిచేసింది. మార్గశిరం గాలికి ఎండి, డోలుమీద బిగిసినట్టే బిగిసింది. ఆపే పిడి తీగ ఉప్పుగాలికి ఎప్పుడో తుప్పు పట్టి ఉంది. కారు పైరేకుని వారానికి మూడుసార్లు కడిగినవాడు ఆ తీగని ఒక్కసారీ చూసుకోలేదు.

స్టాండులో ఈ సంగతంతా చెప్పాడు.

"మరి ఆ మలుపులోనే ఎందుకు సిరిగింది?" అడిగాడొకడు.

"కొండంతట్లో కాలు పూర్తిగా తీసీది ఆ మలుపులోనే గనక. లాగుడు ఎక్కువయ్యీదీ అక్కడే. ఏ బండికైనా పుచ్చిందేటన్నా ఉంటే అక్కడే బయటపడుద్ది."

గురునాథరావు అందరూ వెళ్లేదాకా ఆగాడు.

"అదంతా సరే బావా. మన ఎనక దిగిందేటి?"

"నీ గుండె."

"నువ్వు దాంతో మాటాడేవు కదా."

గవర్రాజు పంపులో వేయవలసిన కొత్త తోలుని నూనె గిన్నెలో తిరగేశాడు.

స్టాండులో ముందు వరస అతనిదైంది. ఆ కారు మరో తొమ్మిదేళ్లు ఆ కొండ ఎక్కింది, దిగింది. మిగతావాళ్లు డీజిలు పోస్తూనే ఉన్నారు. గవర్రాజు ఒక్క చుక్క పొయ్యలేదు.

ఆ అమావాస్య రాత్రి ఇంజను ఫ్యాను రెక్కకి అతని ఎడమచేతి మధ్యవేలూ, ఉంగరం వేలూ పోయాయి.