ధర రాయని గేటు

"మూడున్నర గంటల పందెం ముగిసేలోగా ప్రొఫెసర్ బ్రాంట్‌ను చంపుతారు. ఆపు." చీఫ్ అంతే చెప్పి ఫోన్ పెట్టేశాడు.

గుర్రాల పిచ్చి ఉన్న ప్రొఫెసర్, విదేశీ ముఠా చెర నుంచి తప్పించుకొచ్చి నెల తిరక్కుండానే ఈ యార్క్‌షైర్ గుర్రప్పందేల మైదానంలో గ్యాలరీ ఎక్కి కూర్చున్నాడు. ఏజెంట్ లెనర్డ్ పాస్కో ఇక్కడే, ముసలి బుకీ డగీ దగ్గర గుమాస్తా వేషంలో ఉన్నాడు. అసలు సంగతి డగీ ఒక్కడికే తెలుసు.

డబుల్ ఏజెంట్ ఇలోంకా లిప్‌స్టిక్ దిద్దుకుంటూ సమాచారం విసిరింది. "వాడొచ్చేది మెయిన్ గేటు నుంచే డార్లింగ్. కాదంటే రైల్వే గేటు. గుర్రాల దొడ్డి గేటా? ఆ పేడలోకి ఎవడొస్తాడు!"

మూడు గేట్లు. ఎనిమిది మంది మనుషులు. లెనర్డ్‌కు డగీ నేర్పిన లెక్క గుర్తొచ్చింది.

"మూడు గుర్రాల మీద జనం పందేలు పుచ్చుకోవాలంటే ఇలా చెయ్ అబ్బాయ్. గెలిస్తే ఒకటికి రెండిచ్చే ధర ఉన్న దాని మీద ఇరవై పౌండ్లు పుచ్చుకో. ఒకటికి మూడు దాని మీద పదిహేను. ఒకటికి ఐదు దాని మీద పదే. ఏది గెలిచినా వాళ్ళ పందెం సొమ్ముతో కలిపి ఇచ్చేది అరవై, చేతిలో ఉన్నది నలభై ఐదు. పోతే పదిహేనే పోతుంది. మూడూ ఓడాయా, అంతా మనదే."

అదే వంతున మెయిన్ గేటుకు నలుగురు, రైల్వే గేటుకు ముగ్గురు, దొడ్డి గేటుకు ఇద్దరు. ఒక మనిషి తక్కువయ్యాడు.

"నేనున్నాగా," అన్నాడు డగీ. "దొడ్డి గేటు దగ్గర ప్రమాదమేమీ లేదు కదా?"

"అబ్బే, అక్కడికెవరూ రారు." ఆ అబద్ధం చెప్పేటప్పుడు లెనర్డ్ అతని కళ్ళలోకి చూడలేకపోయాడు.

హంతకుడు పశువుల డాక్టరు వేషంలో, విషపు సూదితో, దొడ్డి గేటు నుంచే వచ్చాడు. కాపలా ఉన్న ఏజెంటును ఒక్క గుద్దుతో పడగొట్టాడు. గుర్రాలను దగ్గరగా చూడ్డానికి దిగిన ప్రొఫెసర్ మెడకు, గ్యాలరీ మెట్ల కింద, సూది జానెడు దూరంలో ఉండగా వెంటపడి వచ్చిన డగీ చిల్లర సంచీ విసిరాడు. సూది ఎగిరిపోయింది. పెనుగులాటలో ముసలాయన చెయ్యి విరిగింది. లెనర్డ్ పరుగున వచ్చేసరికి హంతకుణ్ణి జనం పట్టేశారు, ప్రొఫెసర్ క్షేమం. కావాలనే తప్పుదారి పట్టించిన ఇలోంకా అప్పటికే ఓడెక్కేసింది.

ఆస్పత్రిలో లెనర్డ్ తలెత్తలేదు. "తప్పంతా నాదే, పెద్దాయనా."

"నా గేటుకు ఎంత ధర వేశావు?"

"ఒకటికి ఐదు."

డగీ కట్టు కట్టిన చెయ్యి సర్దుకున్నాడు. "ప్రమాదముందని చెప్పినా వచ్చేవాణ్ణే కదరా. పలక మీద ధర రాయకుండా పందెం పుచ్చుకునేవాణ్ణి మా మైదానంలో తన్ని తరిమేస్తారు."

తర్వాతి బ్రీఫింగ్‌కు లెనర్డ్ పలకా సుద్దముక్కా పట్టుకెళ్ళాడు. చీఫ్ నవ్వాడు. లెనర్డ్ మాత్రం నవ్వకుండా అందరి పేర్ల ఎదుటా వాళ్ళ ప్రమాదానికి ధర రాసి, అన్నిటికన్నా ప్రమాదమైన గేటు ఎదుట తన పేరు వేసుకున్నాడు.