పొత్తుపెట్టె

"ఇంజను తిప్పు కొర్లయ్యా," అంది డాక్టర్ వసుంధర, మల్టీమీటర్ వైర్లను బ్యాటరీ టెర్మినల్స్ మీద ఆనించి.

కొర్లయ్య తాడు లాగాడు. అవుట్‌బోర్డ్ మోటారు రెండుసార్లు దగ్గి అందుకుంది. మీటరు పద్నాలుగు వోల్టులు చూపించింది. అంటే ఛార్జింగ్ నిక్షేపంగా ఉన్నట్టే. ఒడ్డున ఇంత బుద్ధిమంతురాలైన బ్యాటరీ నడిసముద్రంలో మాత్రం నిండటం మానేస్తోంది. నిన్న వైర్‌లెస్ మూగబోయి, గాలివాన హెచ్చరిక వినబడక, కొర్లయ్య బతుకు జీవుడా అంటూ ఒడ్డు చేరాడు.

వసుంధర మార్చని భాగం లేదు. ఫ్లైవీల్ కింద కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్, ఆ కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే రెక్టిఫయర్, ఫ్యూజులు, ఉప్పు పట్టిన వైర్లు, అన్నీ కొత్తవే. ఇక మిగిలింది ఆమె స్వయంగా కనిపెట్టిన యంత్రం, పొత్తుపెట్టె.

లేబరేటరీలో దానికి బారెడు ఇంగ్లీషు పేరుంది కానీ ఊళ్లోవాళ్లు పెట్టిన పేరే నిలిచింది. దాని పని తేలికే. ఒక పడవ బ్యాటరీ నీరసించి సాయం అడిగితే, దగ్గర్లో ఉన్న పడవ పెట్టె తన ఛార్జ్‌లో కొంత ఉప్పునీటి గుండానే పంపుతుంది. ఎవరిచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో బయటపెట్టదు. ఒకరి దయవల్ల ఒడ్డుకొచ్చామన్న మాట పడటం మావల్ల కాదని జాలర్లే పట్టుబట్టి అలా చేయించుకున్నారు. నీట మునిగినా పాడవదని వసుంధరకు మహా గర్వం.

"ఇంతకీ వేట ఎక్కడ చేస్తున్నావ్?"

"అందరితోపాటే మేడం."

"వాళ్ల బ్యాటరీలన్నీ నిండుగా ఉన్నాయే!"

కొర్లయ్య తల దించుకున్నాడు. అబద్ధమాడక ఏం చేస్తాడు? చేప పడే చోటు కట్టుకున్నదానికి కూడా చెప్పరు వేటగాళ్లు. కిందటి వానాకాలం తుపానులో అన్న దానయ్య పడవతో సహా కనిపించకుండా పోయాక, రెండు సంసారాలూ ఇతని నెత్తిన పడ్డాయి. సరిహద్దు దాటిన పడవల్ని పక్క దేశం వాళ్లు పట్టుకున్నారని అప్పట్లో ఒక కబురు వచ్చింది. అన్న ఆ జైల్లోనే ఉన్నాడని వదిన పోలమ్మ నమ్మకం. కొర్లయ్యదీ అదే నమ్మకం. ఇంతలో దక్షిణాన ఒకచోట వల తెగేలా చేప పడసాగింది. ఆ సంగతి బయటికి పొక్కితే మర్నాటికి ఊరంతా అక్కడే వాలుతుంది.

కానీ వైర్‌లెస్ ఇంకోసారి చచ్చిందంటే తానుండడు, రెండిళ్లూ వీధిన పడతాయి.

"ఎవులికీ సెప్పనని మాటియ్యండి మేడం," అన్నాడు చివరికి.

మధ్యాహ్నానికి ఇద్దరూ ఆ చోటికి చేరారు. మోటారు ఆడుతూనే ఉంది, మీటరు మాత్రం చూస్తూండగానే దిగజారింది. కనుచూపు మేరలో ఇంకో పడవ లేదు. వసుంధర ముఖం వెలవెలబోయింది.

"నీ పెట్టెను సాయం అడుగుతున్నది కింద ఉంది," అంది.

కెమెరాను నీళ్లలోకి దించింది. తెర మీద ముందు చేపలు కనిపించాయి, గుంపులు గుంపులుగా. వాటి నడుమ పచ్చటి వెలుగు. ఆపదలో పడ్డ పడవ మీద పొత్తుపెట్టె వెలిగించే దీపం అది. ఆ వెలుగుకే మూగాయి చేపలన్నీ. ఇసుకలో ఒరిగిన పడవ ముక్కు మీద వదిన పేరు ఉంది. ఆ అక్షరాలు కొర్లయ్య రాసినవే.

పడవలో మనిషి ఉన్నదీ లేనిదీ పెట్టెకు తెలియదు. అక్కడ బ్యాటరీ అడిగింది, ఇక్కడి బ్యాటరీ ఇచ్చింది. అన్న సమాధి మీద ఇన్నాళ్లూ వల వేశానని కొర్లయ్య గుండెలు బాదుకుని ఏడ్చాడు. తన యంత్రం ఇంత బాగా పనిచేసినందుకు వసుంధరకు మొదటిసారి సిగ్గేసింది.

"ఈ పడవలో పెట్టెను ఆపేస్తే నీ బ్యాటరీ నిండుతుంది. ఆపమంటావా?"

అతను తలూపాడు. వసుంధర పెట్టె స్విచ్ కట్టేసింది. కింద దీపం ఆరింది. చేపలు చెదిరిపోయాయి.

ఒడ్డున పోలమ్మ తట్ట పట్టుకుని ఎదురొచ్చింది.

"ఏటి మరిదీ, రిపేరు కుదిరిందా?"

"కుదిరింది ఒదినా."

"అమ్మయ్య! అయితే ఆ సోటు ఒగ్గీకు. అదెక్కడో నాకు సెప్పకపోయినా పర్నేదు. ఆ సేపే కదా ఇన్నాళ్లూ మనల్ని నిలబెట్టింది. మీ అన్న తిరిగొచ్చీదాకా అక్కడే వల ఎయ్యి."

కొర్లయ్య ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "ఇంక అక్కడ సేప పడదు ఒదినా," అన్నాడు.

పోలమ్మ నవ్వుతూ తట్ట కిందికి దించింది.

"అదేటి? ఎందుకు పడదు?"