చిటికెడు పొడి

తెల్లారేసరికి మల్లీశ్వరికి ఒళ్లంతా పులిసిపోయినట్టుంది. అయినా పొయ్యి వెలిగించి నీళ్లు కాచి, చల్లార్చి, పిల్ల సీసాలో పోసి, నిన్న సాయంత్రం తెచ్చిన కొత్త పొడి డబ్బా మూత తీసింది. అలవాటుగా చిటికెడు నాలుక మీద వేసుకుంది.

మల్లీశ్వరికి చనుబాలు లేవు. ఆమె బిడ్డ, ఏడు నెలల భ్రమరకు బర్రెపాలు, ఆవుపాలు పడవు. మూడో నెలలో అత్త కాశమ్మ ముద్దుకొద్దీ రెండు చెంచాల బర్రెపాలు పట్టిస్తే, పిల్లకు నెత్తురు విరేచనాలయ్యాయి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో పరుగెత్తితే బతికి బయటపడింది. పాలచుక్క తగలకూడదని చెప్పి, పిల్లల డాక్టరు సోయాతో చేసిన పొడి రాసిచ్చాడు. అప్పటినుంచి రుచి చూడనిదే బిడ్డకు పట్టదు మల్లీశ్వరి. ఆ పొడి పచ్చి శనగపిండిలా వగరుగా ఉంటుంది.

ఇది తియ్యగా కరిగిపోయింది. గొంతు దగ్గర పాల కమ్మదనం.

"మళ్లీ తింటాండావా?" వాకిలి చిమ్ముతూనే కాశమ్మ అందుకుంది. "తల్లే సగం నాకుతాంటే పిల్లకు డబ్బా యాడ సాలుతాది?"

"అత్తా, ఇది మన పొడి కాదు."

"డబ్బా వేరే, అంతే. అది రాలేదంట, రెండూ ఒకటేనని మా సంజీవ ఇచ్చినాడు. ఏడో తరగతిలో బడి మానేసినదానివి, మందులంగడి నడుపుతాండే వానికి నువ్వు నేర్పుతావా?"

సంజీవయ్య కాశమ్మ తమ్ముడు. మందుల చీటీ ఇంకో అంగడికి పోయిందంటే ఆమె పుట్టింటిని అవమానించినట్టే. డబ్బా మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నా మల్లీశ్వరికి ఏమీ అర్థం కాలేదు. మగని వైపు చూసింది. సురేంద్ర చొక్కా గుండీలు పెట్టుకుంటూ తల దించుకున్నాడు.

"మామ తెలీకుండా ఇస్తాడా మల్లీ? పట్టించు, ఏడుస్తాంది."

పిల్ల ఏడుపు గుక్కపట్టింది. కాశమ్మ చీపురు పారేసి లోపలికి వచ్చింది.

"పిల్లను పస్తు పెట్టి సంపుతావా ఏందే? ఇట్లియ్యి సీసా!"

"ఇయ్యను."

ఆ ఇంట్లో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. సీసాను గుండెకు అదుముకుంది.

"నువ్వే నోట్లో ఏసుకో అత్తా. ఇన్నేండ్లు బర్రెలు పిండిన చెయ్యి నీది. పాలు కాదనిపిస్తే నువ్వే పట్టు. నేను నోరెత్తను."

కాశమ్మ గొణుక్కుంటూ చిటికెడు వేసుకుంది. దవడ ఆగిపోయింది. మరో చిటికెడు వేసుకుంది. అక్కడే గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది.

"పాలే." కళ్లలో నీళ్లు తిరిగాయి. "మళ్లీ నా చేత్తోనే పట్టిచ్చేదాన్ని గదే తల్లీ."

మల్లీశ్వరి పల్చటి గంజి కాచి పిల్లకు చెంచాతో పట్టింది.

కాశమ్మ డబ్బా చంకన పెట్టుకుని తమ్ముడి అంగడికి నడిచింది. కోడలు పిల్లనెత్తుకుని వెనకే వెళ్లింది.

"సంజీవా, ఇది నోట్లో ఏసుకో."

ఆయన రుచి చూసి, డబ్బా తిప్పి చదివి, మొహం మాడ్చుకున్నాడు. "సరుకు రాలేదక్కా. ఉత్తచేతుల్తో పంపితే పిల్ల ఆకలికి ఏడుస్తాదని... పిల్లల పొడి ఏదైనా ఒకటేలే అనుకున్యా."

"అనుకుంటే సాల్దు నాయనా. లేదు అని ఒక్క మాట సెప్పింటే నంద్యాలకు పోయేవాళ్లం."

అక్కడినుంచే బస్సెక్కారు. దారంతా పిల్లను కాశమ్మే ఒళ్లో పెట్టుకుంది. మల్లీశ్వరి కిటికీకి తల ఆనించి, ఎన్నాళ్లకో కాస్త కన్ను మూసింది.

నంద్యాలలో డాక్టరు రాసిన పొడే దొరికింది. ఇంటికొచ్చి మల్లీశ్వరి మూత తీసి, ఎప్పట్లాగే చిటికెడు నాలుక మీద వేసుకుంది. తలెత్తితే ఎదురుగా కాశమ్మ అరచెయ్యి చాచి ఉంది.

"నాకూ ఇంత ఎయ్యి మల్లీ. ఇద్దరం సూసినాకే పిల్లకు పట్టిద్దాం."