ఉపదేశిగారి ప్రసంగం విన్నవాడు

"ఏవండీ, మా బడి నల్లబల్ల ఎప్పుడిస్తారు?"

"రేపండీ, టీచరుగారూ."

"మూడు వారాలుగా అదే మాట. మీ రేపటికి తారీఖు లేదా?"

1959 జనవరి. జీవానందం బందరులో వడ్రంగం నేర్చుకొని వచ్చి నాగాయలంకలో కొట్టు పెట్టాడు. పనిమంతుడే, కానీ ఏ రోజు పనీ ఆ రోజు ముగించడు. ఎదురుగా నిలబడిన రూతు ఊరి చర్చిలో ఆరాధన నడిపే ఉపదేశి యేసుదాసుగారి కూతురు, మిషన్ బడిలో కొత్త టీచరు.

సాయంత్రానికి నల్లబల్లను తానే భుజాన మోసుకెళ్ళి ఇచ్చాడు.

తరవాత బడిలో బెంచీల కాళ్ళు తరచూ ఊగడం మొదలెట్టాయి. రూతు మళ్ళీ మళ్ళీ కొట్టుకి రాక తప్పలేదు.

"ఆదివారం సండేస్కూలుకి రండి. చీమల పాఠం చెప్తాను. పైన అధికారి లేకపోయినా చీమ వేసవిలోనే తిండి కూర్చుకుంటుందట."

"అధికారి లేడు కనకే హాయిగా చేస్తోందండీ!"

ఆమె నవ్వు దాచుకోలేకపోయింది. ఆ నవ్వు కోసమే జీవానందం పనులన్నీ వేళకు చేయడం నేర్చుకున్నాడు, ఒక్కటి తప్ప. మనసులో మాట ఈస్టరయ్యాక చెబుదామనుకున్నాడు. తరవాత బడి సెలవులయ్యాక అనుకున్నాడు. జూలై వచ్చేసింది.

ఒక శనివారం రూతు తల్లి దయామణి కొట్టుకొచ్చింది. "బాబూ, రెండు కుర్చీలు ఇస్తావా? సోమవారం గుడివాడ నుంచి మన రూతుని ఖాయం చేసుకోడానికి వస్తున్నారు."

కుర్చీలు ఇచ్చాడు.

మర్నాడు గుడిలో యేసుదాసుగారు సమయం గురించే ప్రసంగించారు. "దేవుడు మన చేతికిచ్చింది ఈ రోజు. రేపేం జరుగుతుందో మనకి తెలీదు. చేయాల్సిన మంచి ఈరోజే చెయ్యండి!"

ఆరాధన ముగిసేసరికి వాన అందుకుంది. జీవానందం తడుస్తూనే ఉపదేశిగారి అరుగెక్కాడు.

"అయ్యగారూ, మీ ప్రసంగం విన్నానండీ."

"సంతోషం. అందరూ విన్నారు."

"నేను ఇప్పుడే పాటిద్దామని వచ్చానండీ. రూతుగారిని నాకిచ్చి పెళ్ళి చేస్తారా?"

యేసుదాసుగారు కళ్ళజోడు తీశారు. "ఆరునెలలు నోరెందుకు మూసుకున్నావయ్యా? వాళ్ళు రేపు వస్తున్నారు!"

"తప్పు నాదేనండీ."

"సగమే ఆయనది, నాన్నా," అంటూ తలుపు చాటు నుంచి రూతు బయటికొచ్చింది. "నేనూ మీకు చెప్పలేకపోయాను. చెబుదాంలే అనుకుంటూనే ఉన్నాను."

తండ్రి కూతురి వైపు తిరిగారు.

"ఇష్టమేనా తల్లీ?"

"ఇష్టమే నాన్నా."

ఆయన జీవానందం తడి తల మీద చెయ్యి వేసి ఆశీర్వదించారు. వెంటనే దిగులుగా కూర్చుండిపోయారు. "గుడివాడ వాళ్ళకి ఏ మొహంతో చెప్పను? మర్యాదస్తులు. రేపు వచ్చాక నెమ్మదిగా..."

దయామణి లోపలి నుంచి గొడుగు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"గుడివాడకి ఒంటిగంట బస్సుందండీ. అంతదూరం రానిచ్చి అప్పుడా చెప్పడం?"

ఆయన భార్యను చూశారు, కూతుర్ని చూశారు, కాబోయే అల్లుణ్ణి చూశారు. నిట్టూర్చి గొడుగు విప్పి వానలోకి దిగారు.

జీవానందం కూడా మెట్లు దిగాడు. "ఉండండి మావయ్యగారూ, నేనూ వస్తాను. వాళ్ళచేత మాటలు పడాల్సింది నేను."

రూతు గుమ్మంలో నిలబడి, ఒకే గొడుగు కింద ఇరుక్కుంటూ పోతున్న ఆ ఇద్దర్నీ వీధి మలుపు తిరిగేదాకా చూసింది.