వెనక సీటులో ఆమె ఉంటేనే వచ్చే చప్పుడు

"కాసేపు నోరు మూసుకుంటారా?"

ఆమె అతనితో అన్న మొదటి మాట అది. అతనన్నదల్లా "సీటు బెల్టు పెట్టుకోండి" అని. వెనక సీటులో కూర్చుని, తలకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అద్దంలోంచి ఓ చూపు చూసిందా పిల్ల. అతను గభాల్న తన బెల్టే మరోసారి లాగి చూసుకున్నాడు.

"మైకులు ఆన్‌లో ఉన్నాయి. మీ గొంతు రికార్డయితే రౌండంతా మళ్ళీ తిరగాలి. మీకు పెట్రోలు ఊరికే వస్తుందేమో, నాకు నడుం ఊరికే రాలేదు."

అతను నోరు మూసుకున్నాడు. కారు గతుకుల ట్రాకు ఎక్కింది.

అది ఖరీదైన కార్లు చేసే కంపెనీ. అంత డబ్బు పోసి కొనేవాడికి ముఖ్యంగా కావలసింది నిశ్శబ్దం. లోకంలో ఎవరు ఏడ్చినా అద్దాలు దాటి లోపలికి వినపడకూడదు. అందుకని ప్రతి కొత్త మోడల్నీ గతుకుల్లో తిప్పి, ఎక్కడ కిర్రుమంటుందో, ఎక్కడ గరగరమంటుందో విని పట్టుకోవాలి. అతను డ్రైవరు. ఆమె వినే మనిషి. ఆమెకి పాముచెవులని షెడ్డులో పేరు పడిపోయింది. ఎక్కే ముందు ఇద్దరూ జేబులు ఖాళీ చేసి, తాళాలు, ఫోన్లు, వాచీలు, ఆమె గాజులు, జడ క్లిప్పులతో సహా ఒక ట్రేలో పెట్టి వెళ్ళాలి. దిగేదాకా మాటల్లేవు.

ఆ రౌండు సగంలో ఉండగా వినపడింది. టిక్. కాస్త ఆగి, టిక్ టిక్.

ఆమె చెయ్యి పైకెత్తింది. అతను బ్రేకు వేశాడు. చప్పుడు ఆగిపోయింది.

"ముందు వైపు, కింద ఎక్కడో," అంది, మైకులు ఆపేశాక. "మీకు వినపడలేదా?"

"మీరు నోరు మూసుకోమన్నారు కదండీ, చెవులు కూడా మూసుకున్నాను."

ఆమె నవ్వలేదు. పెదవి చివర ఏదో కదిలి ఆగిపోయింది. అతనికి అదే చాలయింది.

షెడ్డు గోడకి ఒక బోర్డుంది. వచ్చే ఏడాది మోడళ్ళ జాబితా దాని మీద అంటిస్తారు. పెద్ద సెడాన్, ఎత్తు ఎస్‌యూవీ, కరెంటు బండి. ఆ కాయితం ఊరికే ఉండదు. ఓ వారం తేదీ మారుతుంది, ఓ వారం ఇంజను మారుతుంది, ఓ వారం ఒక మోడలే మాయమవుతుంది. ఏసీ గదిలో సూటేసుకున్న మనిషి ఒక గీత కొడతాడు, ఇక్కడ మనుషులు గల్లంతవుతారు. అంతకుముందు రెండు తలుపుల కారు అలాగే పోయింది. దాన్ని తిప్పిన వాళ్ళ లాకర్లు ఇంకా తలుపులు తెరుచుకునే ఉన్నాయి. వాటి పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఎవరూ అటు చూడరు.

ఈసారి సెడాన్‌కి మార్పులు వచ్చాయి. డోర్లకి కొత్త లెదరు, డ్యాష్‌బోర్డుకి కొత్త చెక్క, డ్రైవరు ఎడమ కాలు పెట్టుకునే చోట తళతళలాడే స్టీలు పలక. ఆటోమేటిక్ బండిలో ఎడమ కాలికి పనేముంది? పని లేని కాలికి కూడా సింగారం కావాలి పెద్దవాళ్ళకి.

చప్పుడు ఆ మార్పులతోనే మొదలైంది. అందరూ మార్పుల్నే తిట్టుకున్నారు. అతని స్నేహితుడు ఫిట్టరు డ్యాష్‌బోర్డు ఊడదీశాడు. డోర్లు విప్పాడు. పలక బిగింపు చూశాడు, రాయిలా ఉంది. అన్నీ మళ్ళీ బిగించాడు. టిక్.

"ఒరేయ్, ఈ కారుకి దెయ్యం పట్టిందిరా," అన్నాడు ఫిట్టరు క్యాంటీన్‌లో.

"దెయ్యమైతే మన జీతాలకి పని చెయ్యదులే," అందామె టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చుంటూ. అతని వైపు తిరిగింది. "ఏం డ్రైవర్ గారూ, కార్లో మూసిన నోరు ఇక్కడ కూడా తెరవరా?"

"ఏం లేదండీ."

"ఎప్పుడూ ఏం లేదే. మీకేమైనా ఉన్న రోజు కబురు పెట్టండి."

ఫిట్టరు నవ్వాడు. అతను వేడి టీ ఒక్క గుక్కలో మింగి నాలిక కాల్చుకున్నాడు.

షెడ్డు సూపర్‌వైజరు ఆమె బాబాయి. చిన్నప్పట్నించీ ఆయనా పిన్నీ పెంచారు. ఆయన మాట్లాడడు, ఎవర్నీ మాట్లాడనివ్వడు. సైలెన్సర్ అంటారందరూ, చాటుగా. ఒకరోజు ఆయనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని వెనక సీటులో కూర్చున్నాడు. అతను ఊపిరి బిగబట్టి, కొయ్యలా బిగుసుకుపోయి నడిపాడు. ట్రాకంతా తిరిగారు. చప్పుడే లేదు.

మర్నాడు ఆమె కూర్చుంది. టిక్ టిక్ టిక్.

ఆ రోజునుంచి షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి. ఆ పిల్ల ఎక్కితేనే వస్తోందట. ఆ పిల్ల చేరిన వారమే మొదలైందట. ఆమె చెవిపోగులు తీసేసింది, చెప్పులు విప్పి వట్టి కాళ్ళతో ఎక్కింది. ఆఖరికి బెల్టు కొక్కేనికి గుడ్డ చుట్టుకుంది. అయినా టిక్. బోర్డు మీద సెడాన్ పేరు పక్కన ఎవరో పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టారు. డైరెక్టరు స్వయంగా వస్తున్నాడని తెలిసింది.

ఆయన రావడానికి ముందు రోజు వాన పట్టుకుంది. ట్రాకు మూసేశారు. వాన తగ్గేదాకా కారు ట్రాకు పక్కనే ఆపుకున్నారు. మైకులు ఆఫ్. హెడ్‌ఫోన్లు ఆమె ఒళ్ళో ఉన్నాయి. ఇన్నాళ్ళకి ఆ కార్లో మాట్లాడుకోవచ్చు. అతను వైపర్లు వేశాడు, ఆపేశాడు, మళ్ళీ వేశాడు.

"భయంగా ఉంది," అందామె. అద్దం మీద వేలితో ఒక నీటి చారని వెంబడిస్తోంది. "ఈ కారు పోతే బాబాయ్ ఉద్యోగం పోతుంది. ఈ వయసులో ఎక్కడికి వెళ్తాడు? నేనొచ్చాకే పోయిందంటారు. ఆయన అనడు. అదే ఇంకా భయం."

ఏదో ఒకటి చెప్పాలి. అద్దంలో ఆమె కళ్ళు కనపడేసరికి తల దించుకున్నాడు.

అప్పుడు చూశాడు.

అతని ఎడమ కాలు వణుకుతోంది. సన్నగా, దానంతటదే. బూటు లేసు చివర ఉండే గట్టి ప్లాస్టిక్ ముక్క స్టీలు పలక మీద పడి లేస్తోంది. వాన హోరులో ఆమెకి వినపడలేదు గానీ, ఇన్నాళ్ళ టిక్ టిక్ ఎక్కడిదో అతనికి తెలిసిపోయింది. ఆ కాలిని కుడి కాలితో తొక్కిపట్టాడు.

"ఏంటి?" అందామె.

"ఏం లేదండీ."

సాయంత్రం ఫిట్టరుకి చెప్పాడు. ఫిట్టరు నుదురు కొట్టుకున్నాడు. "నీ కాలి కోసం నేను కారంతా ఊడదీశానట్రా? సరే, ఎవరికీ చెప్పకు. లేసు లోపలికి దోపుకో. చప్పుడు పోతుంది, పీడ పోతుంది."

ఆ రాత్రి అతను తిండి తినలేదు. చెబితే, కంపెనీ పరువు లేసుతో తీసిన డ్రైవరని గెంటేస్తారు. ఎందుకు వణికావంటే ఏం చెప్పాలి? అదీ సైలెన్సర్ ఎదుట. పొద్దున్నే లేసు బూటు లోపలికి దోపుకుని వచ్చాడు.

డైరెక్టరు కోటు మీద చిన్న మరక కూడా లేదు. బాబాయితో అంటున్నాడు: "ఇవాళ రాకపోయినా లాభం లేదండీ. ఎందుకొచ్చిందో తెలియనిది మళ్ళీ ఎప్పుడైనా వస్తుంది. కారణం చూపించగలిగితే చూపించండి. లేకపోతే సెడాన్ జాబితాలోంచి తీసేస్తున్నాం. ఆ అమ్మాయిని అవతలి ప్లాంటుకి పంపించండి, ఈ పని మాత్రం ఇవ్వొద్దు. తను ఎక్కితేనే వస్తోందని నలుగురూ అంటున్నారు."

బాబాయి తల ఊపాడు, అంతే. ఆమె గోడ పక్కన, తెరిచి ఉన్న ఆ లాకర్ల దగ్గర నిలబడి ఉంది.

అతను వంగి లేసు బయటికి లాగాడు.

"నేను చూపిస్తాను సార్."

తన గొంతు తనకే కొత్తగా వినపడింది. కారెక్కాడు. మైకులకి స్పీకరు కలిపారు. డైరెక్టరు పక్క సీటులో కూర్చున్నాడు. "చప్పుడు నా కాలిది సార్. లేసు పలకకి తగులుతోంది." కాలు ఆడించాడు. తప్ తప్‌మని బూటు మోత వచ్చింది. మళ్ళీ ఆడించాడు. గీకినట్టు ఇంకేదో వచ్చింది.

"ఇది ఆ చప్పుడు కాదు," అన్నాడు డైరెక్టరు వాచీ చూసుకుంటూ. "తమాషాగా ఉందా?"

"కావాలని చేస్తే రాదు సార్." మోకాలు చేత్తో నొక్కి వదిలాడు. "అది... అదే రావాలి."

వెనక తలుపు తెరుచుకుంది. ఎవరూ పిలవకుండానే ఆమె వచ్చి కూర్చుంది. తలుపు మెత్తగా మూసుకుంది. అద్దంలో ఆమె కళ్ళు.

టిక్.

షెడ్డంతా విన్నది. టిక్ టిక్. టిక్. డైరెక్టరు వంగి చూశాడు. ఎడమ కాలు సన్నగా, ఎవరి మాటా వినకుండా ఊగుతోంది.

బాబాయి కిటికీ దగ్గరికి వచ్చాడు. "నేనెక్కితే రాలేదేం?"

"మీరెక్కితే బిగుసుకుపోతాను సార్."

"ఇదెప్పట్నించి?"

"ఆవిడ నన్ను నోరు మూసుకోమన్నప్పట్నించి."

ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టరుకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. అలాంటి వాళ్ళకి కింద మనుషులు వణకడం వింతేం కాదు. "ఆ పలక మీద రబ్బరు వెయ్యండి. సెడాన్ ఉంటుంది. ఇకనుంచి డ్రైవర్లకి లేసుల్లేని బూట్లివ్వండి," అని దిగి వెళ్ళిపోయాడు. తర్వాత అంటించిన జాబితాలో సెడాన్ కింద మెరుగైన ఫుట్‌రెస్టు అని కొత్త మార్పు ఒకటి కనపడింది. అది ఎవడి భయం కోసం వేసిన రబ్బరో కొనేవాళ్ళకి ఎప్పటికీ తెలియదు.

జనం చెదిరిపోయారు. బాబాయి మాత్రం కిటికీ వదల్లేదు. అతను స్టీరింగు వదల్లేదు. ఉద్యోగం మిగిలింది. అసలు గండం ఎదురుగా నిలబడే ఉంది.

"ఆ రికార్డింగులన్నీ నేనూ విన్నాను," అన్నాడు బాబాయి. "వాటిలో ఇంకో చప్పుడుంది. వెనక సీటు వైపు. ఈ అమ్మాయి రిపోర్టులో రాయలేదు."

"బాబాయ్," అందామె, నీరసంగా.

"మెటికలు. భయమేస్తే విరుచుకుంటుంది, చిన్నప్పట్నించీ అంతే. మా ఇంట్లో పెరిగిన పిల్ల మెటికలు నాకు తెలియవా? మీ ఇద్దరిలో డ్రైవరైనా నోరు తెరుస్తాడేమోనని చూస్తున్నాను. ఇన్నాళ్ళు పట్టింది." అంతసేపు మాట్లాడడం ఆయనకి అలవాటు లేదు. గొంతు సవరించుకున్నాడు. "ఆదివారం ఇంటికి రావయ్యా." ఆమె వైపు తిరిగాడు. "మీ పిన్నికి నేను చెప్తాలే తల్లీ. చెప్పులేసుకుని రమ్మను, బూట్లొద్దు."

ఆయన వెళ్ళిపోయాడు. షెడ్డు రేకుల మీద మళ్ళీ చినుకులు మొదలయ్యాయి.

"మైకులు ఆపేశారా?" అన్నాడు అతను, ముందుకే చూస్తూ.

"ఆపేశారు."

"అయితే మాట్లాడొచ్చా?"

"మూసుకోమన్నది నేనే కదా. తెరవమంటున్నాను."

అతను అద్దంలోకి చూశాడు. కింద ఎడమ కాలు మొదలుపెట్టింది. టిక్.

వెనకనుంచి ఫట్‌మని ఒక మెటిక.